టైలరక్క చెప్పిన సాక్ష్యం

తమ్ముడి ఉరికి ఇంకా పదకొండు రోజులున్నాయి. ఆ శిక్ష పడేలా సాక్ష్యం చెప్పినవాళ్లలో సొంత అక్కే ఒకతె. పేటంతా ఆమెను టైలరక్క అంటుంది. గోదాములో హత్య జరిగిన చోట ఒక నెత్తుటి చొక్కా దొరికింది. మూడేళ్ల కిందట కోర్టులో దాన్ని సీలు వేసిన ప్లాస్టిక్ కవరులోంచే, మడత విప్పకుండా చూపించి, కుట్టు నీదేనా అని అడిగారు. కాలరు అంచున తాను వేసే జంటకుట్టు కనబడగానే అవునంది. ఆమె కుట్టిన చొక్కాలు పేటలో వందమంది తొడుక్కుంటారని ఎవరికీ తట్టలేదు. ఆ చొక్కా నాది కాదని తమ్ముడు మొత్తుకున్నా వినే నాథుడు లేడు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు సాగిన కేసు అది.

కొత్త లాయరు మాత్రం కాళ్లరిగేలా తిరిగి, కవరు విప్పి చూడడానికి అనుమతి తెచ్చి, టైలరక్కను వెంట తీసుకెళ్లాడు. రికార్డు గదిలో గుమాస్తా సీలు కత్తిరించి చొక్కాను బల్ల మీద పరిచాడు. ముట్టుకోవద్దని ముందే గదమాయించాడు. చూపుకి ఎవడి అనుమతి కావాలి? టైలరక్క కాలరు చూసింది, చంకలు చూసింది, భుజాల దగ్గరకొచ్చి ఆగిపోయింది.

"దాన్ని నిలువునా సగానికి మడవండి," అంది.

గుమాస్తా సణుక్కుంటూనే మడిచాడు. రెండు భుజాలూ ఒకదాని మీద ఒకటి అచ్చు గుద్దినట్టు కూర్చున్నాయి.

"ఇది మా వాడిది కాదు సార్. బస్తాలు మోసి మోసి వాడి ఎడమ భుజం రెండు వేళ్లంత కుంగిపోయింది. వాడి చొక్కా ఏదైనా ఆ భుజం దించే కత్తిరిస్తాను. ఇంట్లో ఉన్నవన్నీ తెచ్చి మడిచి చూడండి."

లాయరు పట్టరాని సంతోషంతో అక్కడికక్కడే కాగితాలు రాయించాడు. ఆ సాయంత్రమే తమ్ముడి చొక్కాలు ఎనిమిది మూటగట్టి పట్టుకెళ్లాడు. నాలుగోరోజు మధ్యాహ్నం, ఉరి ఆపి కేసు మళ్లీ వినాలని పెద్ద కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. టైలరక్క కత్తెర అక్కడే పడేసి, కొట్టు తలుపులు తెరిచే వదిలేసి జైలుకు పరుగెత్తింది. కాళ్లు నేల మీద ఆనలేదు.

కబురు విని తమ్ముడు ములాఖత్ గది ఇనప జాలీ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఎగిరాడు. తరవాత ఆ భుజం మాట ఆరోజు కోర్టులోనే ఎందుకు చెప్పలేదని మెల్లగా అడిగాడు.

ఆమె కళ్లు దించుకోలేదు.

"నా కుట్టు చూసుకుని మురిసిపోయానురా. నీ భుజం చూడలేదు."