ఇరవై ఏడో వరస కింద

మా బావగారు విమానాల ఫ్యాక్టరీలో నమూనాలు గీసే ఆఫీసులో ఉన్నారు. నేను అదే ఫ్యాక్టరీలో సీట్లకు కవర్లు కుడతాను. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది గానీ, టేపు పట్టుకుంటే ఎవరికి ఆశ పుట్టిందో తెలిసిపోతుంది. పోయిన నెల సీటు కవరు ముందు నుంచి వెనక్కి రెండు వేళ్లు తగ్గింది.

భోజనాల దగ్గర అడిగితే బావగారు చెప్పారు. మొదట రెండు విమానాలు అనుకున్నారట. ఒకటేమో రెండు గంటలు ముందే చేరేది, ఇంకొకటి వందమందిని ఎక్కువ మోసేది. వేగంగా పోయేది ఇంధనం తాగేస్తుందని దాని కాగితాలు బీరువాలో పడేశారు. పెద్దదాంట్లోనూ ఆశ తీరక మరో రెండు వరసలు ఇరికించారు. ఇరికించింది బావగారే.

ఆ వరసలకు అనుమతి రావాలంటే సగం తలుపులు మూసి, దీపాలార్పి, లోపలి జనమంతా తొంభై సెకన్లలో బయటపడాలి. జనం అంటే ఫ్యాక్టరీవాళ్లం మేమే. పసిబిడ్డ తల్లి కూడా ఉండాలని బావగారు నా పేరు రాయించారు. ఎనిమిది నెలల నా పిల్లను అత్తగారికి అప్పగించి వస్తే, చేతికి అంతే బరువున్న రబ్బరు బొమ్మనిచ్చారు. పెద్దవాళ్లను తనిఖీ అధికారి కింద లెక్కపెట్టుకుంటాడు. బిడ్డ సంగతి మాత్రం తల్లే కాగితం మీద రాసివ్వాలి.

కొత్తగా ఇరికించిన ఇరవై ఏడో వరసలో నన్ను కూర్చోబెట్టారు. దీపాలారాయి. మోకాలు ముందు సీటుకు ఇరుక్కుని, బొమ్మ జారింది. వంగి తడిమాను. నేను కుట్టిన కుట్లే చేతికి తగిలాయి. వెనక జనం ఆగిపోయారు. బొమ్మతో బయటపడేసరికి నూట నాలుగు సెకన్లు.

బొమ్మ కోసం విమానం ఆపిన మహాతల్లి అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. ఈసారి పడితే వదిలెయ్యమన్నాడు. వరస తీసేద్దామని ఒక్కడూ అనలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

రెండోసారీ పడింది. వంగబోతే వెనక చేతులు నెట్టేశాయి. తలుపు దగ్గరి జారుడుబల్ల మీంచి కిందికి జారాక చూసుకుంటే ఒడి ఖాళీ. చొక్కా పాలతో తడిసిపోయింది. ఎనభై ఏడు సెకన్లని చప్పట్లు కొట్టారు.

బావగారు కాగితం తెచ్చారు. మీతో ఉన్న బిడ్డ బయటికొచ్చిందా అని అందులో ప్రశ్న.

"అవునని రాసెయ్యమ్మా," అన్నారు గొంతు తగ్గించి. "బొమ్మే కదా. నా ఉద్యోగం నీ చేతిలో ఉంది."

"వేగం వద్దనే కదా బావగారూ, పెద్దది కట్టుకున్నారు? విమానానికి పెట్టని పరుగు మా కాళ్లకెందుకు పెడతారు?"

"అది నా చేతిలో లేదమ్మా."

"రెండు వేళ్లు తగ్గించింది మీ చెయ్యే. రేపు అక్కడ మీ తమ్ముడి కూతురు జారిపడితే, దాన్నీ వదిలెయ్యనా?"

ఆయన తల దించుకుని పెన్ను నా వైపు జరిపారు.

లేదు, అని రాశాను. కింద ఇంకో మాట చేర్చాను: ఇరవై ఏడో వరస కింద ఉంది. కాగితం బావగారికివ్వకుండా తనిఖీ అధికారి చేతిలో పెట్టి, బొమ్మను తెచ్చుకోవడానికి మెట్లెక్కాను.