చంద్రిక మీద లెక్కలు

ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, మునిశామప్ప నల్లబల్ల మీద తీసివేతలు వేస్తున్నాడు. పొద్దున్నే పట్టుపురుగులకు ఆకు వేసి వచ్చిన చేతులు. వేళ్ల సందుల్లో పసరు ఇంకా పోలేదు. మార్కెట్టు నుంచి బావమరిది పట్టుగూళ్ల ధర చెబితే, మరిచిపోకుండా బల్ల మూలన రాసుకున్నాడు.

"చూసి రాసుకోండి," అని కుర్చీలో కూలబడ్డాడు.

బైరకూరు దగ్గరి ఆ సర్కారు బడిలో అతను అతిథి ఉపాధ్యాయుడు. పెండ్లికి ముందు చేరినవాడు, తల నెరిసినా ఇంకా అతిథే! వానాకాలం జీతం దీపావళి దాటాక వస్తుంది. వేసవిలో అదీ లేదు. మొదట్లో మాత్రం ఎంత బాగా చెప్పేవాడు! పురుగులు గూళ్లు కట్టుకునే చంద్రికను, చుట్లు చుట్లుగా వెదురుబద్దతో అల్లిన చాపను, ఇంటి నుంచి మోసుకొచ్చి, ఆ చుట్లలో అంకెలు వేసి, చింతగింజను నడిపిస్తూ లెక్కలు నేర్పేవాడు. ఇప్పుడది బీరువా వెనక దుమ్ము కొట్టుకుపోయింది. ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టమైతే ఎవరికి మాత్రం పాఠం మీద మనసు నిలుస్తుంది? కానీ పిల్లలేం పాపం చేశారు?

ఈ సాయంత్రమే నరసాపురం ప్రయాణం. అక్కడి మోటారు బండ్ల ఫ్యాక్టరీలో గోదాము పని, నెల తిరగ్గానే జీతం. రోడ్డు మీదికి కంపెనీ బస్సు వస్తుంది. పిల్లలకింకా చెప్పలేదు.

కూర్చోలేక లేచి పిల్లల మధ్య తిరిగాడు. మూడో తరగతి చిక్కమ్మ పుస్తకం దగ్గర ఆగిపోయాడు. తీసివేతలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. చివరన, కింద గీత కొట్టి మరీ, గూళ్ల ధర!

"ఇదేం లెక్కమ్మా?"

"మీరే ఏసినారు గదా సార్. దీంట్లో ఏది తీసేయాలో తెలీలేదు."

పక్క పిల్లవాడి పుస్తకంలోనూ ఉంది. అందరి పుస్తకాల్లోనూ ఉంది. మునిశామప్పకు తల కొట్టేసినట్టయింది.

మూలన రాసింది అరచేత్తోనే తుడిచేశాడు. చంద్రికను బయటికి లాగి, దులిపి, నేల మీద పరిచాడు. వెలిసిపోయిన అంకెలు సుద్దముక్కతో దిద్దాడు. ముందుకు నడిస్తే కూడిక, వెనక్కి నడిస్తే తీసివేత. పిల్లలు మధ్యాహ్నం అన్నం తిని, మూతి తుడుచుకోకుండానే వచ్చి చుట్టూ చేరారు. చిక్కమ్మ గింజను జరిపి జరిపి, ఉన్నట్టుండి అరిచింది.

"సార్! ఎనక్కి పోతే తగ్గతా ఉండాది!"

అతను సంతోషంతో చప్పట్లు కొట్టాడు. ఆ వెంటనే సాయంత్రం బస్సు గుర్తొచ్చింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న హెడ్‌మాస్టరు రామకృష్ణప్ప మెల్లగా అన్నాడు. "ఇంత బాగా చెప్తావు. ఇంగో సంవత్సరం చూడప్పా, పర్మనెంటు చేస్తారంట."

"ఎన్నేండ్లు చూసేది సార్? మీ మాదిరి నాకూ నెలనెలా జీతం పడింటే, ఈ చంద్రిక బీరువా ఎనక్కి పోయిండేదా?"

రామకృష్ణప్ప గుమ్మం దిగి తన గదికి వెళ్లిపోయాడు.

బడి వదిలేటప్పుడు చిక్కమ్మ గింజను అన్నిటికన్నా పెద్ద అంకె మీద పెట్టింది. "దీన్ని జరపొద్దు సార్. రేపు ఈడ నుంచి చేస్తా."

"సరేమ్మా," అన్నాడు. అబద్ధం ఎంత సులువుగా వచ్చింది!

చీకటి పడకముందే బస్సు వచ్చింది. ఎక్కాడు.

మర్నాడు గది ఊడవడానికి వచ్చిన రామక్క చంద్రికను చుట్టబోతే చిక్కమ్మ అడ్డంపడింది. "ఎత్తొద్దవ్వా, సార్ వస్తాడు."

రామక్కకు సంగతి తెలుసు. అయినా చెప్పలేక, చంద్రిక చుట్టూతా ఊడ్చి వెళ్లిపోయింది. చివరి చుట్టులో, పెద్ద అంకె మీద, చింతగింజ పెట్టినచోటే ఉంది.