పన్నెండు వోల్టులు

"ఈ కార్డుకిక దిక్కులేదు మేడం. కంపెనీయే దీన్ని వదిలేసింది," అన్నాడు హైదరాబాద్‌లో కంప్యూటర్లమ్మే డీలరు. పేకముక్కంత ఉన్న ఆ కార్డును బల్ల మీదికి విసిరి, "కొత్త లాప్‌టాప్ కొనుక్కోండి," అని ఇంకో గిరాకీ దిక్కు తిరిగాడు.

జాహేదా కార్డును ఏరుకొని, దుమ్ము తుడిచి సంచిలో పెట్టుకుంది. మర్రిగూడ బస్సు ఎక్కినా ఆమెకు ఆ విసురు మర్చిపోబుద్ధి కాలేదు.

అది 1999 ఎండాకాలం. మర్రిగూడలో జానయ్య సార్ అనే రిటైరైన బడిపంతులు నీళ్ళ పరీక్షల సంఘం నడుపుతున్నాడు. ఊరూరికీ పోయి, బావుల్లో బోర్లల్లో ఫ్లోరైడ్ ఎంతుందో చూసి రాసిపెట్టడం ఆ సంఘం పని. జాహేదా అందులో కంప్యూటర్ చూసుకుంటుంది. విదేశం నుంచి ఎవరో దాతలు ఒక పాత లాప్‌టాప్ పంపించారు. జీపు కుదుపులకు దాని హార్డ్ డిస్కు రెండుసార్లు పగిలింది. డిస్కుతో పాటు లాప్‌టాప్‌కు ఈ కార్డులను నడిపే ప్రోగ్రాము కూడా పోయింది.

దాతలు పంపిన సంచిలో లాప్‌టాప్‌తో పాటు వచ్చిన కార్డులు రెండు. లోపల తిరిగేదేమీ లేదు, కుదుపుకు పగిలేదేమీ లేదు, అంతా చిప్పుల మీదే నిలిచే జ్ఞాపకం. ఊళ్ళు తిరిగే పనికి అంతకన్నా మంచిది దొరకదు. కంప్యూటర్‌ను నడపడానికి పైసల్లేకుండా దొరికే లినక్స్‌ను జాహేదా ఫ్లాపీల మీదికి ఎక్కించి లాప్‌టాప్‌ను లేపింది. లాప్‌టాప్ లేచింది గానీ కార్డు పెట్టగానే 'ఇదేందో నాకు తెల్వదు' అని చేతులెత్తేసింది.

"పోనీ జాహేదమ్మా," అన్నాడు జానయ్య. "రిజిస్టర్లు ఉన్నయి గద. రాసుకుందాం."

"పోయినేడు మీటింగుల ఆఫీసర్లు ఏమన్నరు సార్? గివన్నీ ఆఫీసుల కూసోని రాసుకున్న లెక్కలన్నరు. మనం తలకాయలు వంచుకోని వచ్చినం. బావికాడ్నే, ఊరోళ్ళ ముంగటనే అంకెలు కార్డుల ఎక్కిస్తే మళ్ళ ఆ మాట ఎట్లంటరో చూస్త."

నీళ్ళ సీసాలు కడుగుతున్న అండాలు తలెత్తింది. నలభై నిండకముందే నడుము వంగిన మనిషి ఆమె, పుట్టినప్పటి నుంచి ఆ బోరు నీళ్ళే తాగింది. "నా కాళ్ళకు గూడ దిక్కులేదన్నరు చెల్లె, పట్నం దవాఖానల. నేను నడుస్తలేనా?" అన్నది.

ఆదివారం ఆదివారం మాల్ అనే ఊరి మీదుగా బస్సులో పట్నం పోయేది జాహేదా. ఆబిడ్స్‌లో కొత్తగా తెరిచిన నెట్ సెంటర్‌లో కూర్చొని, లినక్స్‌లో కార్డుల పని చూసేవాళ్ళందరికీ ఒకేసారి చేరే మెయిల్ రాసేది. ఒక ఆదివారం అడిగితే జవాబు చూసేది మళ్ళీ ఆదివారమే. మొదటి జవాబు నార్వేలో ఉండే ఒకాయన రాశాడు. "ఆ కార్డు మా దగ్గర లేదు. పంపించండి, తీరిక దొరికినప్పుడు చూస్తాం."

నార్వేలో బల్ల మీద ఆ కార్డు ఎన్నాళ్ళు పడుంటుందో ఎవరికి తెలుసు? రెండే రెండు కార్డులు. జాహేదా ఇట్ల రాసింది: "పంపించను. అది మీ చేతికి వస్తే మొదట ఏం చేస్తారో చెప్పండి. అది నేనే ఇక్కడ చేస్తాను."

వారానికి జవాబొచ్చింది. నార్వే ఆయనకు కోపం రాలేదు. ఫలానా సంఖ్య పంపి చిప్పు పేరు అడగాలనీ, అది రెండు సంఖ్యలు తిరిగి చెప్తుందనీ, అక్కడి నుంచి మొదలుపెట్టమనీ పూసగుచ్చినట్టు రాశాడు. ఆమె అట్లనే చిన్న ప్రోగ్రాము రాసి అడిగింది. కార్డు పలకలేదు. పది రోజులు పదితీర్ల అడిగినా ఉలకలేదు.

చివరికి లాప్‌టాప్‌ను చంకన పెట్టుకొని చిట్యాలకు పోయింది. ఆమె తండ్రి మెహమూద్ అక్కడ ముప్ఫై ఏండ్లుగా రేడియోలు బాగుచేస్తున్నాడు. కంప్యూటర్ అంటే ఆయనకు ఏమీ తెలియదు.

"ఇది ఎంత కరెంట్ అడుగుతది బేటీ?"

"చదివేటప్పుడు అయిదు వోల్టులు అబ్బాజాన్. రాసేటప్పుడు ఒక కాలుకు, గదే ఒక పిన్నుకు, పన్నెండు."

"ఇస్తున్నదా మరి?"

ఆ మాట ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఇద్దరూ కలిసి లాప్‌టాప్ విప్పారు. కార్డు దూరే సందు వెనక, సోల్డరు చేసిన సన్నటి కాళ్ళ మీద మెహమూద్ మీటరు ముల్లు ఆనించాడు. "అయిదే," అన్నాడు. "ఆకలైనోన్ని పాట పాడమంటే ఎట్ల పాడుతడు?"

సంఖ్య పంపి అడగడం కూడా రాయడం లాంటిదే, కానీ లినక్స్ ఆ కాలుకు పన్నెండు వోల్టులు వదలడం లేదు. మర్రిగూడకు తిరిగొచ్చాక, అట్ల వదలమని ప్రోగ్రాములో చెప్పే వరుస పట్టుకోవడానికి ఆమెకు నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు మధ్యాహ్నం అడిగితే కార్డు రెండు సంఖ్యలు చెప్పింది. జాహేదా కుర్చీలోంచి లేచి ఒర్రిన ఒర్రుడుకు జానయ్య చేతిలోని చాయ్ ఒలికింది.

ఆ సంబురం వారం కూడా నిలవలేదు. కార్డు మీద రాసింది చెరపబోయింది. ఒకసారి చెరిగినట్టే అయ్యి, తర్వాత ఏం రాసినా నిలవలేదు. కార్డు చచ్చిపోయింది. తప్పెక్కడుందో నార్వే ఆయన చెప్పాడు: ఈ పాత చిప్పులను చెరిపేముందు మొత్తం సున్నాలతో నింపాలి, లేకుంటే కాలిపోయినట్టే. ముందు చెప్పనందుకు క్షమించమన్నాడు.

మిగిలిన కార్డును జానయ్య బీరువాలో పెట్టి తాళం వేశాడు. "గిదొక్కటే ఉన్నది. ఇగ చాలమ్మా."

"బీరువాల పెడితే అది బతికున్నా చచ్చినా ఒక్కటే సార్," అన్నది జాహేదా. చాచిన చెయ్యి వెనక్కి తీయలేదు. "తప్పు తెలిసింది. తెలిసినంక భయపడుడేంది? తాళం ఇయ్యుండ్రి."

జానయ్య ఆమె ముఖం వంక చూసి తాళం చేతిలో పెట్టాడు.

సున్నాలు నింపింది. చెరిపింది. రాసింది. లాప్‌టాప్ ఆపి, మళ్ళీ లేపి చదివింది. రాసింది రాసినట్టే ఉన్నది. జీపు వెనక సీట్లో వేసుకొని శివన్నగూడెం దాకా గుంతల తొవ్వలో పోయి వచ్చి చదివింది. అప్పుడు కూడా ఉన్నది.

మరునాడు బోరింగు దగ్గర పదిమంది మూగారు. అండాలు సీసా పట్టింది, పరీక్షలో తేలిన ఫ్లోరైడ్ అంకెను జాహేదా కొట్టింది. "నాకు గూడ చూపియ్యి," అని ఒక ముసలాయన తెర మీదికి వంగి, తమ బోరు పక్కన పడ్డ అంకెను వేలితో తాకి చూశాడు. అది తాగే నీళ్ళ అంకె కాదని అక్కడ అందరికీ తెలుసు.

కార్డును నడపడానికి జాహేదా రాసిన ప్రోగ్రామును, అంటే డ్రైవరును, నార్వే ఆయన లినక్స్‌లో కలిపాడు. పేరు కింద ఊరేం రాయాలని అడిగితే, ఇండియా అని చాలించకుండా మర్రిగూడ అని రాయించింది.

రెండు నెలలకు కార్డు చేసిన కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. తమ రహస్యాన్ని బయటపెట్టారనీ, వెంటనే దాన్ని తీసేయాలనీ, లేకుంటే కోర్టు తప్పదనీ. ఆ కాగితం ముద్రించి తెస్తే జానయ్య రెండుసార్లు చదివాడు.

"కోర్టంటున్నరమ్మా. మనమెంత, వాళ్ళెంత?"

"వాళ్ళ ప్రోగ్రాము నేను ముట్టలే సార్, చూడనన్న చూడలే. కార్డు మనది. దాన్నే అడిగిన, అదే చెప్పింది. గిదే రాస్త."

అదే రాసింది, నాలుగు వరుసల్లో, ఎక్కడా మన్నించమనకుండా. పంపించి వచ్చిన సాయంత్రం జానయ్య మళ్ళీ అడిగాడు, "నిజంగ వస్తే?"

"రమ్మనుండ్రి," అన్నది జాహేదా. "మర్రిగూడకు తొవ్వ నేనే చెప్త. వచ్చినోళ్ళకు గా బోరు నీళ్ళే తాగనిద్దాం."

అండాలు పకపకా నవ్వింది. కంపెనీ నుంచి మళ్ళీ ఉత్తరమూ రాలేదు, మనిషీ రాలేదు. డ్రైవరు ఉండవలసిన చోటే ఉన్నది. ఆ ఏడు వానలు వెనకబట్టేసరికి కార్డు మీద నూట పద్నాలుగు బావుల అంకెలు ఎక్కాయి. తర్వాతి మీటింగుకు జాహేదా లాప్‌టాప్ తీసుకొని ముందు వరుసలో కూర్చున్నది.