రెండో బెల్టు

కొడుకు చొక్కా ఉతుకుతున్నప్పుడే హైమావతికి అనుమానం వచ్చింది. భరద్వాజ ఇంటర్నెట్ కంపెనీలో చేరాడని తెనాలిలో తెలిసినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకుంది. ఇంటర్నెట్ అంటే ఆమెకు తెలిసినంతవరకు ఏసీ గది, తిరిగే కుర్చీ, కంప్యూటరు. మరి కుర్చీలో కూర్చునేవాడి చొక్కాకి ఇంత ఎర్ర పెయింటు ఎక్కడిది?

"గోడకి ఆనుకున్నాలేమ్మా" అన్నాడు వాడు.

గోడకి ఆనుకుంటే అరచేతులు కాయలు కాస్తాయా? ఇక ఆమె మనసు ఊరుకోలేదు. మామూలుగానే ఊరుకోదు. కూరలకని వెళ్ళిన భర్త రావడం కాస్త ఆలస్యమైతే ఏ లారీ కింద పడ్డాడోనని వీధిలోకి పరుగెత్తే మనిషి. మర్నాడు కొడుకు బయల్దేరిన కాసేపటికే, పులిహోర కేరియర్ సర్దుకుని తనూ వాడు రోజూ వెళ్ళే రేపల్లె రైలే ఎక్కింది. స్టేషన్ దగ్గర ఆటోవాళ్ళని అడిగితే, "నెట్టు కంపెనీవాళ్ళా? రొయ్యల చెరువుల అవతల ఊళ్ళో ఉన్నారండి, రండి" అన్నారు.

ఆటో బడి ముందు ఆగింది. బడి ఆవరణలో కొబ్బరిచెట్లను మించిన ఇనప స్తంభం. సన్నగా, నిచ్చెనని నిటారుగా నిలబెట్టినట్టుంది. మూడు వైపులా తీగలు లాగి కట్టారు. ఎర్ర పెయింటు. దాని మొదట్లో భరద్వాజ, చేతిలో పానా.

"ఇదేనా నీ కంప్యూటరు?" అంది హైమావతి.

వాడి మొహం పాలిపోయింది. "అమ్మా! నువ్వెందుకొచ్చావు?"

చుట్టూ ఊరి జనం పోగై ఉన్నారు. వాన పడితే ఫోను తీగలు తెగిపోయే ఊరు అది, సెల్లులో మాటలు తప్ప నెట్టు రాదు. పైన డిష్ బిగించి రేపల్లె టవరు వైపు తిప్పితే బడిగదిలోకి నెట్టు వస్తుందని కంపెనీ చెప్పింది. బడి పక్కింటి కొండమ్మ హైమావతికి మంచినీళ్ళిచ్చి, "మా మనవరాలి టెన్త్ రిజల్టు కోసం రేపల్లె పోయొచ్చేసరికి పొద్దుగూకింది అక్కా. ఇక ఆ తిప్పలు తప్పుతాయంట" అని సంబరపడింది.

హైమావతి నీళ్ళు తాగలేదు. "పైకి ఎవరెక్కుతారు?"

"నేనూ, ఆదామూ. ఒకరు డిష్ పట్టుకుంటే ఒకరు బోల్టులు బిగించాలి" అన్నాడు భరద్వాజ. "భయం లేదమ్మా, బెల్టులుంటాయి."

"ఏవీ?"

వాడు పక్కనున్న ఆదాము వైపు చూశాడు. ఆదాము పళ్ళికిలించాడు. పొట్టిగా, చురుగ్గా ఉన్న కుర్రాడు. "రెండుండేయి అమ్మగారూ. ఒకదాని కొక్కెం విరిగింది. ఉన్నదాన్ని వంతులేసుకుంటన్నాం."

హైమావతి కేరియర్ కింద పెట్టి, నేరుగా వెళ్ళి స్తంభం మొదటి మెట్టు మీద కూర్చుంది.

"అమ్మా, లే. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నువ్వు పైనుంచి పడితే చూసేదీ వీళ్ళేగా!"

సూపర్‌వైజరు పాండురంగారావు ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. "పిన్నిగారూ, సాయంత్రానికి సిగ్నల్ రాకపోతే సామానంతా వేరే ఊరికి తీసుకుపొమ్మంటున్నారు బాపట్ల ఆఫీసువాళ్ళు. మీకేం కావాలి, మీవాడికి బెల్టు. అంతేగా? ఇదిగో, మీ చేత్తోనే కట్టండి. ఆదాము అలవాటైనవాడు, వాడికి అక్కర్లేదు."

ఆ మాటతో ఆమె గుండెల్లో బరువు దిగింది. లేచి కొడుకు నడుముకు బెల్టు తొడిగి, కొక్కేన్ని గట్టిగా లాగి చూసింది. గట్టిగానే ఉంది. వెళ్ళి కొండమ్మ పక్కన నిలబడింది.

ఆదాము జేబులోంచి ఫోను తీసి కొండమ్మ చేతిలో పెట్టాడు. "జాగర్త పిన్నీ. మా అమ్మ చేస్తే పైనున్నానని చెప్పమాక. కుర్చీలో కూర్చుని పని చేసుకుంటన్నాడని చెప్పు."

హైమావతికి ఎక్కడో కలుక్కుమంది. వాడింకా మెట్టు మీద కాలు పెట్టకముందే, గబగబా వెళ్ళి మళ్ళీ అక్కడే కూర్చుంది.

"మళ్ళీ ఏంటండీ? కట్టాంగా!" అన్నాడు పాండురంగారావు.

"ఒకటి కట్టారు. రెండోది ఏది?"

"ఆ అబ్బాయి మీకేమవుతాడు?"

"ఏమీ అవడు. వాళ్ళమ్మ ఇక్కడ లేదుగా, ఉంటే ఆవిడే కూర్చునేది."

జనంలో గొణుగుడు మొదలైంది. "ఎక్కడో తెనాలి నుంచొచ్చి మా ఊరికొచ్చే నెట్టు ఆపుద్దేంటి ఈవిడ?" అని ఒకరన్నారు. "మీ అబ్బాయి ఉద్యోగం సంగతి కూడా ఆలోచించుకోండి" అన్నాడు పాండురంగారావు, ఈసారి పిన్నిగారూ అనకుండా.

హైమావతికి అన్నీ ఒకేసారి కళ్ళముందు కదిలాయి. కొడుకు ఉద్యోగం పోయినట్టు, ఊరివాళ్ళు తనని ఈడ్చేసినట్టు, తీగ తెగి స్తంభమే తన మీద కూలినట్టు. అయినా లేవలేదు. రెండు చేతులతో ఇనుముని పట్టుకుంది.

అంతవరకు తల వంచుకున్న భరద్వాజ, నడుముకున్న బెల్టు విప్పి తల్లి ఒళ్ళో పెట్టాడు. "ఇద్దరికీ ఉంటేనే ఎక్కుతాం సార్."

పాండురంగారావు జనం వైపు తిరిగాడు. "చూశారుగా! ఇక మీ ఇష్టం. వద్దంటే ఈ సామాను ఇప్పుడే బండెక్కిస్తా."

ఎవరూ మాట్లాడకముందే కొండమ్మ అందుకుంది. "ఎక్కించండయ్యా, చూద్దాం. ఇన్నేళ్ళు ఆగినోళ్ళం, ఇంకో పూట ఆగలేమా? ఓ తల్లి బిడ్డ పడి చచ్చిన చోట మా పిల్లలు రిజల్టు చూసుకుంటారా?"

గొణుగుడు ఆగిపోయింది. ఇందాక హైమావతిని తప్పుపట్టిన మనిషే, "బెల్టు తెప్పించండి సార్, అదేమన్నా విమానమా!" అన్నాడు. జనం నవ్వారు.

పాండురంగారావు పక్కకెళ్ళి చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. మొదట గట్టిగా, తర్వాత మెల్లగా. వచ్చి, "బాపట్ల నుంచి బండి మీద పంపుతున్నారు. చీకటిపడేదాకా ఆగమని ఆఫీసువాళ్ళని ఒప్పించాను" అన్నాడు.

హైమావతి కేరియర్ విప్పింది. "మీరూ రండి బాబూ. నా మీద కోపం పులిహోర మీద దేనికి?"

పొద్దు వాలుతుండగా బెల్టు వచ్చింది. రెండు కొక్కేల్నీ లాగి చూశాకే ఆమె మెట్టు వదిలింది. కుర్రాళ్ళిద్దరూ ఎక్కడం మొదలుపెట్టారు. తలెత్తి చూసే ధైర్యం లేదు. బడి ఆవరణలో స్తంభం నీడ పొడుగ్గా పడుకుని ఉంది. ఆ నీడ మీద రెండు చిన్న నీడలు పాకుతూ పోతుంటే, వాటినే చూస్తూ నిలబడింది.

అంతలో ఆదాము ఫోను మోగింది. కొండమ్మ కంగారుపడి దాన్ని హైమావతికిచ్చేసింది.

"ఎవరమ్మా? మావాడేడీ?" అంది అవతలి గొంతు.

"మీవాడు పైన డిష్ బిగిస్తున్నాడమ్మా. బెల్టు కట్టుకున్నాడు, లాగి చూశాను. నేను కిందే ఉన్నా, దిగేదాకా ఎక్కడికీ పోను."

అవతలి నుంచి "పోవద్దమ్మా" అని మాత్రం వినిపించింది.

ఎండ పూర్తిగా పోకముందే బడిగదిలోంచి "వచ్చేసింది!" అని కేక వినపడింది. ఊరంతా లోపలికి పరుగెత్తింది. హైమావతి కదల్లేదు. రెండు నీడలూ కిందికి పాకి, నాలుగు కాళ్ళు మట్టి మీద ఆనాక, ఆదాముకి ఫోను అందించింది. "మీ అమ్మ చేసింది. నిజమే చెప్పాను. వెంటనే మాట్లాడు."

పాండురంగారావు సామాను సర్దిస్తూ, "రేపు బాపట్ల దగ్గర ఇంకో ఊరు. అక్కడా ఇలాంటి టవరే" అన్నాడు.

భరద్వాజ భయపడుతూ తల్లి వైపు చూశాడు.

"ఎన్నింటికి మొదలుపెడతారు బాబూ?" అంది హైమావతి, ఖాళీ కేరియర్ మూత బిగిస్తూ. "ఈసారి పెద్ద కేరియర్ తెస్తాను."