రంగు లేని బోల్టులు

మా అక్క ఎవరి మాటా వినదు. నేను మా అక్క మాట కూడా వినను. అలాంటి ఇద్దరం కలిసి ఒక షెడ్డు నడుపుతున్నామంటే, ఆ పుణ్యమంతా వెనక గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని ఇద్దరి మాటా వినే మా బావది.

షెడ్డు పెద్దదేమీ కాదు. పైన రేకులు, కింద రెండు కార్లు పట్టే చోటు, గోడకు సైజుల వారీగా వేలాడే పానాలు, ఇంజిన్లు పైకి లాగడానికి దూలానికి కట్టిన గొలుసు కప్పీ. ఇంజిన్లూ గేర్‌బాక్సులూ అక్క చూస్తుంది. వైరింగు నాది. బావ సీట్లకు తొడుగులు కుడతాడు.

మాకో నియమం ఉంది. బోల్టును విప్పిన చెయ్యే బిగించాలి. బిగించాక దాని తల మీద గోళ్ళరంగు చుక్క పెట్టాలి. అక్కది ఎరుపు, నాది తెలుపు. మా గోళ్ళు ఎప్పుడు చూసినా గ్రీజుతో నల్లగా ఉంటాయి గానీ, మా చేతుల మీదుగా వెళ్ళిన బండ్ల బోల్టులు మాత్రం సింగారించుకుని వెళ్తాయి. ఒకరి బోల్టు మీద ఇంకొకరు పానా పెడితే అంతకంటే అవమానం లేదు. ఒకసారి అక్క ఎర్రచుక్కను ఊరికే కదిపి చూశానని వారం పాటు నాతో మాట్లాడలేదు.

అక్కకు ఒక కారుంది. ఆకుపచ్చది, పైకప్పు లేనిది, ఇద్దరు పట్టేది. మనుషులకు చోటు తక్కువ, బానెట్టు మాత్రం బారెడు. వయసులో నాకంటే పెద్దది, అక్కకంటే చిన్నది. ఏటా కొండ పందెంలో అక్క దాన్ని నడుపుతుంది. కింద నుంచి పైదాకా వంకర్లు తిరిగే రోడ్డు మీద ఒక్కొక్క కారునే వదులుతారు. ఒక్కొక్కరికి రెండు పరుగులు, ఎవరు తొందరగా ఎక్కితే వాళ్ళు గెలిచినట్టు. అక్క ఎప్పుడూ గెలవలేదు, ఎప్పుడూ మానలేదు.

పోయిన ఏడాది ఐదో మలుపు దగ్గర ఇంజిను పగిలిపోయింది. లోపలి కడ్డీ ఒకటి విరిగి పక్క గోడను చీల్చుకుని బయటికొచ్చింది. నూనె రోడ్డంతా కారింది. లారీకి తగిలించి, అందరి ముందునుంచీ కారును వెనక్కి ఈడ్చుకొచ్చారు. అక్క అందులోనే కూర్చుని స్టీరింగు పట్టుకుని ఉంది. ఎవరో నవ్వారు. ఎవరో నాకు తెలిసుంటే బాగుండేది.

అప్పటినుంచి అక్క ఏ బండీ నడపలేదు. సరుకులకు కూడా బావ స్కూటరు వెనక కూర్చుని వెళ్ళేది. బాగుచేసిన బండ్లను రోడ్డు మీద చూసి రమ్మని నన్ను పంపేది. అడిగితే నడుము నొప్పి అనేది. నడుము నొప్పిగల మనిషి గేర్‌బాక్సులు ఎత్తడం నేను ఎక్కడా చూడలేదు.

పళ్ళ డాక్టరు ఒకాయన ఆ కారు కోసం మా చుట్టూ తిరుగుతున్నాడు. తన ఆసుపత్రి ముందు అద్దాల గదిలో పెట్టుకుంటాడట. "అది కదలకపోయినా ఫర్వాలేదండీ" అన్నాడు అక్కతో, చాలా మర్యాదగా. ఎద్దు పుండు కాకికి నొప్పా? ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది.

అక్క మాత్రం ఆలోచనలో పడింది. "ఈ ఏడాది పందెం ముందు తనిఖీ రోజుకి బండి తనంతట తాను కదిలితే సరే. లేకపోతే ఆయనకిచ్చేస్తా" అంది.

"కదుల్తుంది" అన్నాను.

"ఇంజిను ఎక్కడిదే? ఆ ఇంజిన్లు చేసినవాళ్ళే లేరు."

"కొత్తది పెడదాం."

బావ మిషను ఆపాడు. "పాత కోటుకి కొత్త గుండీలు కుట్టొచ్చు అమ్మాయ్. కోటులోకి కొత్త మనిషినే దూరుస్తానంటే ఎట్లా?"

"పాత మనిషి పోయాడుగా బావా" అన్నాను. అక్క నవ్వలేదు గానీ, కాదని కూడా అనలేదు. నాకు అది చాలు.

పాత సామాన్ల యార్డులో వెనకనుంచి గుద్దేసిన ఒక కుటుంబపు కారు దొరికింది. ముందు భాగం చెక్కు చెదరలేదు. దాని ఇంజిను చిన్నది, తేలికది, పాతదానికంటే బలం ఎక్కువ. యార్డువాడే దాన్ని విప్పి, వెనక ఉండే బరువైన ఇనప చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ని తీసేసి, బోల్టులు ఒక సంచిలో పోసి ఇచ్చాడు. మా పాత గేర్‌బాక్సుకు ఆ చక్రం సరిపోదు. వేరేది లేత్ షాపులో చేయించాం.

కొత్త ఇంజిన్లతో గొడవేమిటంటే అవి ఒంటరిగా రావు. పుట్టింటి సామానంతా వెంట ఉండాలి. దాని కంప్యూటరు, దాని పెట్రోలు పంపు, దాని కాలి పెడలు, చివరికి దాని తాళంచెవి కూడా. ఆ తాళాన్ని గుర్తుపట్టకపోతే పెట్రోలు చుక్క ముట్టదు. చేతి మందాన ఉన్న వైర్ల కట్టను బల్ల మీద పరిచి, ఒక్కొక్క వైరూ ఎక్కడికి వెళ్తుందో చూసుకుంటూ, అక్కర్లేనివి తీసేస్తూ కూర్చున్నాను. నాలుగు సార్లు తప్పు చేశాను. ఒకసారి తాళం తిప్పితే హారను మోగింది. ఇంకోసారి ఏమీ మోగలేదు, కానీ కాలిన వాసన వచ్చింది. బావ తలుపు సందులోంచి చూసి ఫ్యూజుల డబ్బా నా పక్కన పెట్టి వెళ్ళాడు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఆయనకు ఎప్పుడో తెలుసు.

అక్క ఇంజిను కూర్చోడానికి దిమ్మలు వెల్డింగు చేసింది. ఇంజినుకూ గేర్‌బాక్సుకూ మధ్య పలక చేయించింది. పని చేస్తున్నంతసేపూ అక్క పాత అక్కే. పని ఆగిన వెంటనే కారు ముక్కు వైపు చూసి, చేతులు తుడుచుకుని పక్కకు వెళ్ళిపోయేది.

తనిఖీ దగ్గర పడిన ఒక పొద్దున తాళం తిప్పాను. ఇంజిను మొదటి దెబ్బకే అందుకుంది. బావ చేతిలో కత్తెరతోనే బయటికొచ్చాడు. అక్క బానెట్టు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

తర్వాత వినిపించింది. టకటక. ఇంజిను నెమ్మదిస్తే పెద్దగా, వేగం పెంచితే చిన్నగా. ఎవరో లోపలినుంచి సుత్తితో కొడుతున్నట్టుంది.

"ఆపు" అంది అక్క.

ఆపాను.

"బేరింగులు పోయాయి. లోపల అరిగిపోయిన ఇంజిను అంటగట్టాడు. ఇక చాల్లే." చేతి గుడ్డ బల్ల మీద పడేసింది. "డాక్టరుకి ఫోన్ చేస్తా."

"బేరింగులే అని ఎట్లా చెప్తావు?"

"పోయినసారి కూడా ముందు ఇదే చప్పుడు."

అప్పుడు అర్థమైంది నాకు. అక్క వింటున్నది ఈ ఇంజినును కాదు. ఐదో మలుపును వింటోంది. జాలి పడాల్సింది. నాకు కోపం వచ్చింది. ఇంత పని చేశాక ఒక చప్పుడుకు భయపడి వదిలేస్తుందా అని పిచ్చి కోపం.

మళ్ళీ స్టార్టు చేశాను. ఈసారి క్లచ్ తొక్కాను. టకటక మారిపోయింది, దాదాపు ఆగింది. వదిలాను. మళ్ళీ మొదలైంది. లోపలి బేరింగులైతే నా కాలితో వాటికేం పని? ఏదైనా ఉంటే ఇంజినుకూ గేర్‌బాక్సుకూ మధ్యే ఉంది.

"అక్కా, ఇది వెనక చప్పుడు. విప్పుదాం."

"ఇంజినంతా మళ్ళీ బయటికి తీస్తావా? తనిఖీ ఎల్లుండి."

"తీస్తా."

"నేను రాను."

"రాకు."

పానా తీసుకుని నా తెల్లచుక్కలన్నీ విప్పాను. అక్క గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చుంది. నావి అయిపోయాయి. ఇంజినును పట్టుకున్న దిమ్మల బోల్టులు మిగిలాయి. అన్నీ ఎర్రచుక్కలే. నేను పెద్ద పానా తీసి, కావాలనే చప్పుడయ్యేలా మొదటి ఎర్రచుక్క మీద పెట్టాను.

అక్క లేచింది. "అది నాది."

"తెలుసు."

"చెయ్యి తియ్యి."

"నువ్వు విప్పుతావా, నేను విప్పనా?"

వెనక గదిలో మిషను ఆగిపోయింది. అక్క నా చేతిలోంచి పానా లాక్కుంది. ఆ లాగడంలో నా వేలు కోసుకుంది గానీ, అంత సంతోషంగా నేను ఎన్నడూ దెబ్బ తినలేదు.

మధ్యాహ్నానికి ఇంజిను గొలుసుకు వేలాడుతోంది. క్లచ్ విప్పేసరికి వెనక ఫ్లైవీల్ కనిపించింది. దాన్ని పట్టుకున్న బోల్టుల తలలు బోసిగా ఉన్నాయి. ఎరుపు లేదు, తెలుపు లేదు. అక్క వేలితో ఒకదాన్ని తిప్పింది. అది తిరిగింది. వేలితోనే.

"నువ్వు బిగించలేదా?" అన్నాం ఇద్దరం ఒకేసారి.

జరిగింది ఇదీ. కొలత చూడటానికి అక్క ఆ బోల్టులను చేత్తో పెట్టి, లేత్ షాపుకు వెళ్ళింది. పాత ఇంజిను తీసేటప్పుడు అక్క బదులు గేర్‌బాక్సు విప్పింది నేను కాబట్టి, నా వంతు ప్రకారం క్లచ్ పెట్టి గేర్‌బాక్సు తగిలించేశాను. బోల్టులు ఉన్నాయి కదా, అక్క బిగించే ఉంటుందనుకున్నాను. షెడ్డులో దీపం వెలుతురు సరిగా లేదు, రంగు చూడలేదు. అక్క తిరిగొచ్చి గేర్‌బాక్సు తగిలి ఉండటం చూసి, నేనే బిగించుంటాననుకుంది. ఆ బోల్టులను మా ఇద్దరిలో ఎవరూ విప్పలేదు. విప్పింది యార్డువాడు. మా నియమం ప్రకారం అవి వాడు వచ్చి బిగించాలి.

బావ వచ్చి వంగి చూశాడు. "అయితే ఆయన్ని కబురు పెట్టి పిలిపించండి. ఏ రంగు వేసుకుంటాడో అడుగుదాం."

అక్క నవ్వింది. ముందు ముక్కుతో, తర్వాత కడుపు పట్టుకుని. ఏడాది తర్వాత ఆ నవ్వు విన్నాను. నాకు నవ్వు రాలేదు. ఆ చక్రం కొండ మీద ఊడి ఉంటే అది అక్క కాళ్ళ పక్కనుంచే దూసుకొచ్చేది.

కొత్త బోల్టులు తెచ్చాం. పొడుగాటి పానా చెరో చేత్తో పట్టుకుని, ఒక్కొక్కటీ ఇద్దరం కలిసి బిగించాం. మర్నాడు సాయంత్రానికి ఇంజిను మళ్ళీ లోపల కూర్చుంది. టకటక లేదు. మెత్తగా, కుదురుగా తిరిగింది.

తనిఖీ చేసే పెద్దమనిషి బానెట్టు ఎత్తి చాలాసేపు చూశాడు. "ఈ బండిలో పుట్టింది కాదే ఇది" అన్నాడు.

"కాదండీ. వచ్చి చేరింది" అంది అక్క.

ఆయన బ్రేకులు చూశాడు, బెల్టు లాగి చూశాడు, వైర్లు ఎక్కడైనా వేలాడుతున్నాయేమోనని చెయ్యి పెట్టి వెతికాడు. ఏమీ దొరకలేదు. అద్దం మీద చీటీ అంటించి వెళ్ళాడు.

పందెం రోజున అక్క హెల్మెట్ పెట్టుకుని, కారును బయల్దేరే గీత దగ్గర ఆపింది. మొహం కనపడటం లేదు. జెండా లేచింది. కారు కదిలింది. మొదటి మలుపు తిరిగింది, రెండోది తిరిగింది, ఇక ఏమీ వినపడలేదు.

పాత ఇంజిను అరుపుకు కింద నిలబడినవాళ్ళం కూడా ఎన్నో మలుపులో ఉందో చెప్పేవాళ్ళం. ఈ ఇంజిను అరవదు.

"వినపడటం లేదేమిటి అమ్మాయ్?" అన్నాడు బావ.

"వినపడదు బావా. ఇది నెమ్మదిది."

"మరి మనకెట్లా తెలుస్తుంది?"

ఇంత నెమ్మది ఇంజినును వెతికి తెచ్చినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఇంతలో ఆగిపోయిన కార్లను ఈడ్చే లారీవాడు తన లారీ స్టార్టు చేశాడు. బావ నా భుజం పట్టుకున్నాడు. లారీ పది గజాలు కదిలి చెట్టు నీడలో ఆగింది. డ్రైవరు తలుపు తెరిచి కాళ్ళు బయటికి వేలాడేసి కునుకుకు సిద్ధమయ్యాడు. వాణ్ణి కొట్టాలనిపించింది.

బోర్డు మీద అక్క నంబరు పడింది. పక్కన పట్టిన సమయం. కింది నుంచి మూడో స్థానం. పైకి చేరింది. నేను అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను.

ఎక్కిన కార్లన్నీ వరసగా దిగివచ్చాయి. ఆకుపచ్చది తన చక్రాల మీద తానే వచ్చి నా ముందు ఆగింది. అక్క హెల్మెట్ తియ్యలేదు. వేళ్ళు స్టీరింగును వదలడం లేదు.

"ఎట్లా ఉంది?" అన్నాను.

"ఐదో మలుపు దగ్గర పెడలు మీంచి కాలు తీసేశాను. భయమేసింది. దానికేం కాలేదు, నాకే." అంది. "మలుపంతా నడకలాగా వెళ్ళాను. వెనక ఎవరైనా ఉంటే తిట్టేవాళ్ళు."

చాల్లే అక్కా, వెళ్ళి వచ్చావు, అది చాలు అని చెప్పబోయాను. ఏడాదంతా నేను కోరుకున్నది అదే. అంతలోనే అక్క అడిగింది.

"రెండో పరుగు ఎప్పుడన్నారు?"

"భోజనాలయ్యాక. అక్కా, ఇంకా చాలా టైముంది, దిగి కాస్త నీళ్ళు తాగు."

"దిగితే మళ్ళీ ఎక్కనే" అంది.

సీసా అందించాను. హెల్మెట్ కొంచెం పైకెత్తి తాగి, సీసా నా చేతికిచ్చి గేరు వేసింది. మిగిలినవాళ్ళంతా కార్లు దిగి భోజనాలకు వెళ్తున్నారు. అక్క ఒక్కతే కారు తిప్పుకుని వెళ్ళి, ఇంకా ఎవరూ లేని వరసలో మొదట నిలబెట్టింది.