ముప్పై ఒకటో వరస

"అన్యాయం ఎవరికి జరిగింది? ఏ విధంగా జరిగింది?" అని అడుగుతున్నాను. ముప్పై ఏళ్లు న్యాయస్థానంలో అడిగిన గొంతుతోనే అడుగుతున్నాను, కాని నేను కూర్చున్నది న్యాయపీఠం మీద కాదు, కాన్వెంటు కుట్టు గదిలోని పొడవాటి బల్ల మీద, కాళ్లు నేలకు అందక వేలాడుతున్నాయి, కిటికీల అవతల బడి మైదానం ఉండవలసిన చోట మా అపార్ట్‌మెంటు బాల్కనీలో ఆరేసిన దుప్పట్లు ఊగుతున్నాయి, గది నేలంతా చిన్న చిన్న చదరపు గళ్లు, నేను చూస్తూ ఉండగానే ఒక్కొక్క గడి తన రంగు మార్చుకుంటోంది.

"రాసుకో, చెబుతాను," అంటుంది సువార్త.

ఆమె నాకు ఎదురుగా కుట్టు చట్రం ముందు తల వంచుకుని కూర్చుని ఉంది. ముఖానికి పదిహేనేళ్లు, రెండు జడలు, తెల్ల రిబ్బన్లు. చేతులకు మాత్రం డెబ్బై దాటాయి, బట్టల సోడా నీళ్లలో నాని నాని పాలిపోయిన చేతులు. పోయిన ఫిబ్రవరిలో ఆమె చనిపోయిన సంగతి నాకు తెలుసు, తెలిసినా అది మా సంభాషణకు అడ్డమని ఇక్కడ ఎవరికీ తోచడం లేదు.

"అన్యాయం జరిగింది సువార్త అనే నాకు. చేసింది సుభాషిణి అనే నువ్వు. బలిపీఠం మీద పరిచే గుడ్డ మీద గొర్రెపిల్లను కుడుతున్నాం. గళ్ల కాగితం చూసి వరసలు చదివేది నువ్వు, తల ఎత్తకుండా కుట్టేది నేను. నువ్వు ఒక వరస దాటేశావు. అది కన్ను ఉన్న వరస. పండుగ రోజున గొర్రెపిల్ల గుడ్డిదై పీఠం మీద పడుకుంది. శిక్ష నాకు పడింది, నువ్వు నోరు విప్పలేదు. ఇందులో అబద్ధం ఏమైనా ఉందా, జడ్జి గారూ?"

"లేదు," అంటాను.

అబద్ధం లేదు. మా కాన్వెంటు స్వర్ణోత్సవానికి ఆ గుడ్డ తయారవుతున్నప్పుడు, చదివేవారు గుడ్డను ముట్టుకోరాదు, కుట్టేవారు కాగితాన్ని చూడరాదు అని కుట్టు నేర్పే సిస్టర్ యులాలియా నియమం పెట్టింది. ఇద్దరు ఒకరినొకరు నమ్మడం నేర్చుకోవాలని ఆమె ఉద్దేశం. కుట్టిన భాగాన్ని ఎప్పటికప్పుడు చట్రపు కర్రకు చుట్టేసేవారు, కనుక పండుగనాటి ఉదయం దాకా బొమ్మ మొత్తం ఎలా ఉందో ఎవరూ చూడలేదు. సువార్త ఫీజు కట్టకుండా చదువుతున్న పిల్ల, ఆ చదువుకు ఆధారం ఆమె సూదే. మరునాడే కాన్వెంటు పెద్ద మదర్ ఆమెను కుట్టు గది నుంచి తీసి బట్టలుతికే షెడ్డుకు పంపారు. ఆ ఏడాది కుట్టు టీచరు ట్రైనింగుకు పంపుతామన్న మాట కూడా అక్కడితో ఆగిపోయింది. ఆ తరువాత ఆమె ముప్పై నాలుగేళ్లు ఒక ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికింది.

"ఒళ్లో ఏమిటే అది, పలకా?" అంటుంది ఆమె, తల ఎత్తకుండానే.

చూసుకుంటే నా ఒళ్లో ట్యాబ్ ఉంది. అది ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు.

"పలకే అనుకో. ఇందులో గళ్లు ఉంటాయి. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క రంగు పెడుతూ పోతే బొమ్మ అవుతుంది. పిక్సెల్ బొమ్మలంటారు."

"దారం ఏది?"

"దారం ఉండదు."

"సూది?"

"అదీ ఉండదు."

"గుచ్చుకునేదే లేకపోతే అది పని ఎట్లా అవుతుంది? ఆట."

"ఆటే. డెబ్బై ఎనిమిదో ఏట మొదలుపెట్టాను."

"అప్పుడైనా మొదలుపెట్టావు, సంతోషం. నేర్పింది ఎవరు?"

గది కొంచెం దూరం జరుగుతుంది, బల్లలు, కిటికీలు గళ్లు గళ్లుగా చిన్నవైపోతాయి, మళ్లీ దగ్గరకు వస్తాయి.

"నీ కూతురు," అంటాను.

సువార్త సూది ఒక్క క్షణం ఆగి మళ్లీ కదులుతుంది.

కృపామణి మంగళగిరిలో చీరల అంచులకు కంప్యూటర్ మీద నమూనాలు గీస్తుంది. ఒక గడికి ఒక పోగు. ఆమె గీసినట్టే మగ్గం నేస్తుంది. సువార్త జ్ఞాపకార్థ కూడికలో ఆమెను మొదటిసారి చూశాను. సువార్తను ఎరిగినవారు లేచి సాక్ష్యం చెప్పవచ్చునని పాస్టరు గారు అన్నప్పుడు నేను లేచాను, అంతమంది ముఖాలు నా వైపు తిరిగాయి, "ఆమె చేతి పని చాలా శుభ్రంగా ఉండేది" అని చెప్పి కూర్చున్నాను. సాక్షులు సగం చెప్పి కూర్చుంటే ఊరుకోని మనిషిని నేను. బయటకు వస్తుంటే కృపామణి నా చెయ్యి పట్టుకుని, "అమ్మ మిమ్మల్ని ఎంతగా తలుచుకునేదో, మేడమ్. ఇంట్లో ఒక్కరే కదా, పొద్దు ఎట్లా పోతుంది? ఆదివారం మధ్యాహ్నాలు వచ్చి మీకు ఒక సరదా నేర్పుతాను," అంది. కాదనడానికి నాకు నోరు రాలేదు.

"బాగా నేర్పుతుందా?" అంటుంది సువార్త, ఇప్పుడు ఆమె చట్రం పక్కన సబ్బు నీళ్ల తొట్టి ఉంది.

"నాకంటే కఠినంగా. మొదట పదహారు గళ్లకు పదహారు చాలంది. నాలుగు రంగులకు మించి ముట్టుకోవద్దంది. అంచులను మెత్తగా పులమవద్దు, మెట్లు మెట్లుగానే ఉండనివ్వండి, గడిని దాచడానికి కాదు మనం గీసేది, అంది. ముందు పండు మిరపకాయ వేశాను. తరువాత గ్లాసు. తరువాత పిచ్చుక."

"పిచ్చుక కుదిరిందా?"

"వంకాయ బాగుంది మేడమ్ అంది."

సువార్త నవ్వుతుంది, ఆ నవ్వు పదిహేనేళ్లదే, దంతాలు కనపడకుండా పెదవులు బిగించి నవ్వే నవ్వు.

"ఇప్పుడు ఏం వేస్తున్నావు?"

చెప్పను. చెప్పనక్కర లేదు, ట్యాబ్ దానంతట అదే ఆమె వైపు తిరుగుతుంది, అందులో అరవై నాలుగు వరసల గొర్రెపిల్ల ముప్పై వరసల దాకా వచ్చి ఆగిపోయి ఉంది, పక్కన ఆనాటి గళ్ల కాగితం, మడతల దగ్గర చిరిగి, అరవై మూడేళ్లుగా నా పెట్టె అడుగున దాచిన కాగితం. నాలుగు ఆదివారాలుగా అక్కడికి వచ్చి ఆగుతున్నాను. కృపామణి ఆ కాగితం ఎక్కడిదని అడిగితే పాతదని మాత్రం చెప్పాను.

"వెనకవైపు చూపించు," అంటుంది సువార్త. "సిస్టర్ ముందు వెనకవైపే చూసేది కదా."

"దీనికి వెనకవైపు ఉండదే."

"ఉండకుండా ఎట్లా ఉంటుంది," అంటూ ఆమె దాన్ని తిప్పుతుంది, తిప్పితే వెనక నిజంగానే ముడులు, చిక్కుపడ్డ నల్లదారం, కోయకుండా వదిలేసిన కొసలు వేలాడుతున్నాయి, సిగ్గుతో నేను చేతులతో కప్పుకుంటాను.

"ఈ బాణం ఏమిటి?"

"తప్పు గడి పెట్టినప్పుడు అది నొక్కితే చేసింది వెనక్కి పోతుంది."

"కుట్టు విప్పకుండానే?"

"విప్పకుండానే."

"అబ్బో. అయితే నొక్కు మరి."

నొక్కుతాను. బాల్కనీలో దుప్పట్లు పోతాయి. మళ్లీ నొక్కుతాను, నా తెల్లజుట్టు, కళ్లజోడు, నల్లకోటు పోతాయి, నేను రాసిన తీర్పులు ఒక్కొక్కటిగా తెల్లకాగితాలవుతాయి, ఊళ్లు, రైళ్లు, లా కాలేజీ మెట్లు గళ్లు గళ్లుగా ఆరిపోతాయి, ఇంకొంచెం, ఇంకొంచెం వెనక్కి వెళితే ఆ గురువారం సాయంత్రం, ఆ వరస ఉంది, వేలు నొప్పి పుట్టేలా నొక్కుతూ ఉంటే, సువార్త తడి చేత్తో నా మణికట్టు పట్టుకుంటుంది.

"ఆపు. మణి పోతోంది."

చూస్తే గది మూలన నిలబడి ఉన్న కృపామణి, ఎప్పటి నుంచి ఉందో, నడుము దాకా గళ్లుగా విడిపోయి ఉంది.

"ఆ ఆస్పత్రి లాండ్రీలోనే కదా వాళ్ల నాన్న నాకు కనపడ్డాడు. బాయిలరు దగ్గర పని చేసేవాడు, నవ్వించి చంపేవాడు. అది పోతే ఇది లేదు. నువ్వు చేసింది అన్యాయమే, కాని అందులోంచే నా పిల్ల వచ్చింది. నొక్కకు."

వేలు తీసేస్తాను. కృపామణి మెల్లగా నిండుతుంది, నేల మళ్లీ నేల అవుతుంది. న్యాయం చేయడానికి నాకు తెలిసిన చివరి దారి కూడా మూసుకుపోయి, బల్ల మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటాను.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు," అంటుంది సువార్త. "ముప్పై నాలుగో వరస దగ్గర ఆగావు. ఎందుకు?"

ఈ ప్రశ్న బతికి ఉన్నవారెవరూ నన్ను అడగలేదు.

"నీకు తెలుసా?"

"నీ ఊపిరి ఆగింది. కుట్టేవాళ్లకు వినడమే కదా పని."

"అప్పుడు చూశాను, ముప్పై ఒకటి దాటేశానని. చెబితే మూడు వరసలు విప్పాలి. మళ్లీ నాలుగు వరసలు కుట్టాలి. శనివారం అంతా పడుతుంది. శనివారం మా నాన్న వస్తానని ఉత్తరం రాశాడు, నన్ను బజారుకు తీసుకువెళ్లి ఐస్‌క్రీం ఇప్పిస్తానని రాశాడు. ఒక వరసే కదా, ఎవరు చూస్తారులే అనుకున్నాను."

"తిన్నావా?"

"తిన్నాను."

"బాగుందా?"

"బాగుంది."

ఆమె తల ఊపుతుంది, ఆ జవాబు కోసమే ఇన్నాళ్లూ ఆగినట్టు. "మదర్ ముందు చెబుతావనుకున్నాను. సెలవులు అయ్యాక చెబుతావనుకున్నాను. నువ్వు జడ్జివి అయ్యావని పేపరులో చూసి, ఇంక తప్పకుండా చెబుతుంది అని మా ఆయనతో అన్నాను. ఆయన నవ్వాడు."

"నన్ను క్షమిస్తావా, సువార్తా?"

"చచ్చినదాన్ని నన్ను అడుగుతావేమే. మా తమ్ముడు ఇప్పటికీ అంటాడు, మా అక్క అజాగ్రత్తతో బంగారం లాంటి భవిష్యత్తు పాడు చేసుకుందని. మణి కూడా అదే నమ్ముతుంది, పైకి అనదు. వాళ్లకు చెప్పు. ముందు నా వరస నాకు చెప్పు, ఇదిగో, సూదికి దారం ఎక్కించాను."

కాగితం అందుకుంటాను. గళ్లు కదులుతున్నాయి, కళ్లు చిట్లించి వేలు పెట్టి పట్టుకుంటాను, గొంతు సవరించుకుని చదువుతాను, "పదకొండు నీలం. ఒకటి బూడిద. తొమ్మిది తెలుపు," సూది గుడ్డలోకి దిగిన చప్పుడు, పైకి వచ్చిన చప్పుడు, "మూడు నలుపు," ఆమె ముఖం వెలుగులోకి వంగుతుంది, అందులో గీతలు ఒక్కొక్కటిగా కరిగిపోతున్నాయి, గది తెల్లబడుతోంది, "ఆరు తెలుపు. రెండు బూడిద. ఇరవై ఎనిమిది తెలుపు. ఒకటి బూడిద," ఆమె ఎక్కడుందో ఇంక నాకు కనపడదు, చట్రం ఒక్కటే ఉంది.

"తరువాత, మేడమ్?"

"మూడు నీలం," అంటూ కళ్లు తెరుస్తాను.

ఆదివారం మధ్యాహ్నం, మా ముందు గది, పడక కుర్చీలో నేను. పక్కన పీట మీద కృపామణి, ఆమె మోకాళ్ల మీద ట్యాబ్. ముప్పై ఒకటో వరస ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నిండి ఉంది. తొమ్మిది తెల్ల గళ్ల తరువాత మూడు నల్ల గళ్లు.

"వచ్చేసరికి నిద్రపోతున్నారు. నిద్రలో లెక్క చెబుతున్నారు. లేపడం ఎందుకని మీరు చెప్పినట్టే వేసుకుంటూ పోయాను," అంటుంది ఆమె. "కన్ను సరిగ్గా పడింది, మేడమ్." ఆగి, "మధ్యలో అమ్మ పేరు కూడా అన్నారు," అంటుంది.

లేచి నిలబడతాను. కూర్చోమని ఆమె చెయ్యి చాస్తుంది, వద్దంటాను. సాక్ష్యం చెప్పేవారు నిలబడే చెప్పాలి.

"మీ అమ్మ ఆ గుడ్డను పాడు చేయలేదు, కృపామణీ. పాడు చేసింది నేను," అని మొదలుపెట్టి, దాటేసిన వరస, ముప్పై నాలుగో వరస దగ్గర నాకు తెలిసిపోవడం, మా నాన్న ఉత్తరం, ఐస్‌క్రీం, మదర్ గదిలో సువార్త ఏడుస్తుంటే తలుపు అవతల నేను నిలబడి ఉండడం, కూడికలో సగం చెప్పి కూర్చోవడం, అన్నీ చెబుతాను. కలలో ఆమె అడగని తలుపు సంగతి కూడా చెబుతాను.

కృపామణి ట్యాబ్ పక్కన పెడుతుంది. నా వైపు చూడదు. క్షమించానని అనదు, నేను అడగను.

"అమ్మకు తెలుసా?" అంటుంది చివరకు.

"తెలుసు."

"ఎప్పుడూ అనలేదు."

"నేను చెప్పాలని ఆగింది."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, సంచిలోంచి ఫోను తీసి, రికార్డు చేసే మీట నొక్కి నా ముందు పట్టుకుంటుంది.

"మళ్లీ చెప్పండి, మేడమ్. మామయ్య వినాలి. మా చర్చిలో కూడా వినిపిస్తాను."

నా పేరు, మా నాన్న పేరు, నా వయస్సు చెప్పి, మొదటి నుంచి మళ్లీ చెబుతాను. ఈసారి ఏదీ దాటను.