విత్తనానికి ఉంచిన కాయ

రెయిన్‌కోటు మిరపచెట్టుకు కప్పి, సేవ్యా తాను తడుస్తూ డ్యూటీకి బయలుదేరాడు. డోర్నకల్ పట్టాల మీద సుత్తె భుజాన వేసుకుని ముప్పై రెండేళ్లుగా నడుస్తున్న గ్యాంగ్‌మన్. ఉద్యోగానికి ఇవాళే ఆఖరు రోజు.

క్వార్టరు ముందు పెయింటు డబ్బాల్లో నాలుగు చెట్లు పెంచాడు. ఒకటి ఎండకు మాడింది, రెండు ముసురుకు మురిగాయి. మిగిలినదానికి కాసినవి ఎటు పోయాయో పోయి, ఒక్క కాయ పండింది. అది వాళ్లమ్మ వేసిన రకం. కొనే విత్తనాలొచ్చాక తండాలో ఎవరి దగ్గరా లేకుండా పోయింది. ఆ గింజలు తండాకు చేర్చాలన్నదొక్కటే అతని ఆశ.

తెలంగాణ కోసం రైల్‌రోకో. ఒక్క బండీ తిరగడం లేదు. అయినా సేవ్యా మాటిమాటికీ వెనక్కి చూసుకుంటూనే నడిచాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదు గానీ, అదీ పోయేలా లేదు.

మధ్యాహ్నం తిరిగొస్తే చెట్టు బోసిగా ఉంది. పక్క క్వార్టరు మార్తమ్మ పట్టాల పక్కన వంటావార్పులో గరిటె తిప్పుతోంది.

"అక్కా, నా కాయేది?"

"నీ పేరు మీద ఉద్యమానికిచ్చిన అన్నా! పప్పుల ఏసిన."

"గది ఇత్తనం కాయనే!"

మార్తమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. ఉడికిన గింజ మొలవదు. సేవ్యా ఆ కాయను పప్పులోంచి వెతికి తీసి, ఉక్రోషంగా కొరికాడు. అదే కారం, అమ్మ పెట్టిన కారం. కళ్లు చెమర్చాయి. కారానికేననుకుని అందరూ నవ్వారు. కాసేపటికి అతనూ నవ్వాడు.

బస్సులూ బంద్ కావడంతో, సాయంత్రం సామాను వేసుకుపోవడానికి స్టేషను అడ్డా కుర్రాడు ఉపేందర్ ఆటో తెచ్చాడు. అద్దం లోపల దిష్టికి కట్టిన నిమ్మకాయ, కింద ఎండి ఎర్రబడ్డ మిరపకాయలు. సేవ్యా చేతిలోని ట్రంకుపెట్టె దించేశాడు.

"ఇవి ఏడియిరా?"

"నీ చెట్టుయే కాకా. పోయిన నెల అడుగకుంట తెంపిన. ఏమనుకోకు."

సేవ్యా అప్పటికే దారం విప్పుతున్నాడు.

"దిష్టియి ముట్టద్దు కాకా! నీకు తగుల్తది!"

"ముప్పై రెండేండ్లు రైలే తగల్లే. దిష్టేం తగుల్తది బిడ్డా!"

నిమ్మకాయను క్వార్టరు మెట్టు మీద పెట్టి, కాయలను తువ్వాలలో మూటగట్టి, ఆటో ఎక్కాడు. మార్తమ్మ నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆటో మలుపు తిరిగింది.

మెట్టు మీద దారానికి గుచ్చిన ఎండు నిమ్మకాయ ఒక్కటి మిగిలింది. దిష్టిని నమ్మని మార్తమ్మ కూడా దాన్ని తొక్కకుండా పక్కనుంచి దిగింది.